టెన్నిస్‌లో టై బ్రేకర్: ఒక పాత స్కోరరు మనవి

(పెన్షనర్ల దినం సందర్భంగా ఉప్పుగూడలో జరిగిన మన సంఘ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇస్తూ, పెన్షను అనేది యజమాని దయ మీద ఆధారపడిన దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. ఆ తీర్పు వల్లనే మనం ఇవాళ ఇక్కడ తలెత్తుకుని కూర్చున్నాం. ఏటేటా ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిల గూర్చి, మెడికల్ బిల్లుల గూర్చి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, “మీరు ఆటల మనిషి గదా, ఒక పదిహేను నిమిషాలు తేలికైన విషయం ఏదైనా చెప్పండి” అన్నారు.

ఆటల మనిషి అన్నది సగమే నిజం. నేను ఏ పోటీలోనూ రాకెట్ పట్టలేదు. మా ఆఫీసు స్పోర్ట్స్ క్లబ్బులో మట్టి కోర్టు పక్కన ఒక స్టూలు వేసుకుని, అట్ట మీద కాగితం పెట్టుకుని, స్కోరు రాసినవాణ్ణి. అకౌంట్స్ సెక్షన్‌లో పని చేసేవాణ్ణి కాబట్టి, “లెక్కల మనిషి, తప్పు రాయడు” అని నన్ను కూర్చోబెట్టేవారు. ఆ మాట ఎంతవరకు నిజమో చివర్లో మనవి చేస్తాను.

మొన్న మన సభ్యులొకరు పేపరు తెచ్చి, “ఏమండీ, టెన్నిస్ వార్తల్లో 7-6 అని వేసి పక్కన బ్రాకెట్‌లో 4 అని వేస్తారు, అది దేనికి?” అని అడిగారు. ఆ నాలుగు అంకె గూర్చే ఈ ప్రసంగం. దాని పేరు టై బ్రేకర్. అంటే సమానమైన ముడిని విప్పే పద్ధతి.

ముడి విప్పడం మనకు కొత్త కాదు. ఇద్దరు ఒకే రోజు ఉద్యోగంలో చేరితే సీనియారిటీ జాబితాలో ఎవరిని పైన రాయాలి? మా సెక్షన్‌లో సర్వీసు రిజిస్టరు తీసి పుట్టిన తేదీ చూసేవాళ్ళం. పెద్దవాడు పైన, చిన్నవాడు కింద. ఇది పాత కాగితం చూసి విప్పే ముడి. ఎన్నికలలో ఇద్దరు అభ్యర్థులకు సమానంగా ఓట్లు వస్తే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం చీటీ తీస్తారు. ఇది అదృష్టం మీద వదిలిన ముడి. టెన్నిస్ వారు ఈ రెండూ కాదన్నారు. పాత కాగితం చూడరు, చీటీ వేయరు. ఇంకొంచెం ఆడి తేల్చుకోండి అంటారు. అయితే ఆ ఇంకొంచెం ఎంత అన్నదే చిక్కు.

ఆట తెలియని సోదరీమణుల కోసం రెండు ముక్కలు. టెన్నిస్‌లో పాయింట్లు కలిస్తే గేమ్, గేములు కలిస్తే సెట్, సెట్లు కలిస్తే మ్యాచ్. మన పైసలు, రూపాయలు, వందల వంటివే. సెట్ గెలవాలంటే ఆరు గేములు చేయాలి, ఎదుటివారికన్నా రెండు గేములు ముందుండాలి. 6-4 అయితే సెట్ ముగిసింది. 6-5 అయితే ముగియలేదు, ఇంకొకటి గెలిచి 7-5 చేసుకోవాలి. 6-6 అయితే? వెనకటి రోజుల్లో దీనికి అంతు లేదు. 7-7, 8-8 అంటూ ఎవరో ఒకరు రెండు గేములు ముందుకు పోయేదాకా ఆడవలసిందే.

ఎందుకు సాగుతుందంటే, ఒక గేము పొడుగునా ఒకరే సర్వీసు చేస్తారు. సర్వీసు చేసేవారిది పైచేయి. బలమైన సర్వీసు ఉన్న ఇద్దరు తలపడితే ఎవరి సర్వీసు గేము వారే గెలుచుకుంటూ పోతారు. 1969లో వింబుల్డన్‌లో పాంచో గొంజాలెజ్, చార్లీ పసరెల్ ఆడిన మ్యాచ్‌లో మొదటి సెట్టే 22-24. మొత్తం 112 గేములు, రెండు రోజులు. అప్పటికి గొంజాలెజ్ వయసు 41. చివరకు ఆయనే గెలిచారనుకోండి. కాని తరువాతి మ్యాచ్‌కి వచ్చినవాళ్ళు కోర్టు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురు చూడవలసి వచ్చేది.

ఈ ముడికి ఉపాయం కనిపెట్టినాయన అమెరికాలో న్యూపోర్ట్‌కు చెందిన జేమ్స్ వాన్ ఆలెన్. ఆయన పద్ధతిని 1970లో అమెరికన్ ఓపెన్ వారు ప్రవేశపెట్టారు. మొదటి రూపంలో 6-6 వద్ద తొమ్మిది పాయింట్లు ఆడేవారు. ఐదు ముందు చేసినవారిదే సెట్. 4-4 అయిందంటే ఆఖరి పాయింటు ఒక్కటే ఇద్దరికీ చావోరేవో. ఇది మరీ కఠినంగా ఉందని ఆటగాళ్ళు గోల పెట్టారు. ఒక్క బంతి గాలికి అటో ఇటో పడితే గంటల శ్రమ పోతుంది. 1975లో అమెరికన్ ఓపెన్ వారు దాన్ని మానుకుని, ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతికి వచ్చారు. వింబుల్డన్ వారు 1971లో టై బ్రేకర్‌ను ఒప్పుకున్నారు గాని 8-8 వద్ద మొదలుపెట్టేవారు. 1979 నుంచి 6-6 వద్దకు తెచ్చారు. అదీ ఆఖరి సెట్టుకు తప్ప.

ఇప్పుడు అసలు పద్ధతి వినండి. మనుమలు పక్కనుంటే వాళ్ళకూ చెప్పండి.

టై బ్రేకర్‌లో పదిహేను, ముప్పై, నలభై అనే లెక్క ఉండదు. ఒకటి, రెండు, మూడు అని మామూలుగా లెక్కిస్తారు. ఏడు పాయింట్లు ముందు చేసినవారు గెలుస్తారు, అయితే రెండు పాయింట్ల ఆధిక్యం ఉండాలి. 7-5 అయితే సరి. 7-6 అయితే సరి కాదు. 8-6, 9-7, ఎంతదాకానైనా ఆ రెండు తేడా రావాలి. అంటే వాన్ ఆలెన్ ఉపాయం చివరకు ఎక్కడ నిలిచిందంటే, రెండు గేముల తేడా అన్న నిబంధన తీసేశారు, రెండు పాయింట్ల తేడా అన్నది ఉంచారు.

సర్వీసు వరస మరీ ముఖ్యం. సర్వీసు వంతు వచ్చినవారు మొదట ఒక్క పాయింటుకే సర్వీసు చేస్తారు, అదీ కోర్టు కుడి సగం నుంచి. తరువాత ఎదుటివారు రెండు పాయింట్లకు సర్వీసు చేస్తారు, మొదటిది ఎడమ నుంచి, రెండవది కుడి నుంచి. ఆపైన ఇద్దరూ రెండేసి చొప్పున. ఒకటి, రెండు, రెండు, రెండు.

మొదట ఒక్కటే ఎందుకు? ఇందులోనే కిటుకంతా ఉంది. ముందు సర్వీసు చేసేవారిని సీత అనుకుందాం, రెండవవారిని గీత అనుకుందాం. వరస వేయండి: సీత, గీత, గీత, సీత, సీత, గీత, గీత, సీత. రెండు పాయింట్లు అయ్యేసరికి చెరి ఒక సర్వీసు. నాలుగు అయ్యేసరికి చెరి రెండు. ఆరు అయ్యేసరికి చెరి మూడు. సరిసంఖ్య వచ్చిన ప్రతిసారీ ఇద్దరి ఖాతా సమానం. రొట్టె ఇద్దరు పిల్లలకు పంచేటప్పుడు ముందు తీసుకున్నవాడు రెండోసారి వెనక తీసుకోవాలని తల్లి చెప్పినట్టు.

ఇప్పుడు రెండు పాయింట్ల తేడా ఎందుకో చూడండి. 6-6 దాటిన తరువాత 8-6 అయితే మొత్తం పద్నాలుగు. 9-7 అయితే పదహారు. రెండు తేడాతో ముగిస్తే మొత్తం ఎప్పుడూ సరిసంఖ్యే, చెరి సగం సర్వీసులు చేసినట్టే. 7-6 వద్ద ఆపితే మొత్తం పదమూడు. ఒకరికి ఏడు సర్వీసులు, ఒకరికి ఆరే. 7-4 వంటి చోట కూడా ఒక సర్వీసు తేడా ఉంటుంది, కాని అక్కడ మూడు పాయింట్ల దూరం ఉంది కాబట్టి అన్యాయం అనలేం. 7-6లో ఉన్నదే ఒక్క పాయింటు, అది ఆ ఒక్క సర్వీసు పుణ్యమే కావచ్చు.

ఇంకొక సంగతి. ప్రతి ఆరు పాయింట్లకు ఇద్దరూ కోర్టు వైపులు మారతారు. ఎండ ఒకరి కళ్ళలోనే పడకూడదు, గాలి ఒకరికే కలిసి రాకూడదు. టై బ్రేకర్ మొత్తాన్ని ఒక్క గేముగా కట్టి సెట్‌ను 7-6 అని రాస్తారు. బ్రాకెట్‌లో వేసేది టై బ్రేకర్‌లో ఓడినవారి పాయింట్లు. నాలుగు అని ఉంటే 7-4 అన్నమాట. ఐదు లేక అంతకు తక్కువ ఉంటే గెలిచినవారు ఏడు చేసినట్టు. ఆరు లేక అంతకు ఎక్కువ ఉంటే దానికి రెండు కలుపుకోవాలి. 1980 వింబుల్డన్ ఫైనల్లో బోర్గ్, మెకన్రో ఆడిన నాలుగవ సెట్ పక్కన 16 అని ఉంటుంది. అంటే 18-16. ఆ టై బ్రేకర్ గెలిచింది మెకన్రో. మ్యాచ్ గెలిచింది మాత్రం బోర్గ్, ఐదవ సెట్ 8-6తో. ఒక ముడి దగ్గర ఓడినంత మాత్రాన మొత్తం ఓడినట్టు కాదన్నమాట.

ఆఖరి సెట్టుకు టై బ్రేకర్ లేకపోవడం వల్ల 2010లో వింబుల్డన్‌లో జాన్ ఇస్నర్, నికొలా మాహు మూడు రోజుల పాటు పదకొండు గంటల ఐదు నిమిషాలు ఆడారు. ఐదవ సెట్ 70-68. కోర్టులోని ఎలక్ట్రానిక్ స్కోరుబోర్డు 47-47 వద్ద చేతులెత్తేసింది. నావంటి చేతిరాత స్కోరరు ఉంటే ఆ ఇబ్బంది ఉండేది కాదు! 2019లో వింబుల్డన్ వారు ఆఖరి సెట్టులో 12-12 వద్ద టై బ్రేకర్ పెట్టారు. ఆ ఏడే ఫైనల్లో అది అవసరం పడింది. ఆ మ్యాచ్‌లో ఫెదరర్ మొత్తం 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. కాని మూడు టై బ్రేకర్లూ జొకోవిచ్‌వే, కప్పూ జొకోవిచ్‌దే. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్ పోటీల్లోనూ ఆఖరి సెట్ 6-6 అయితే పది పాయింట్ల టై బ్రేకర్. అక్కడ కూడా రెండు తేడా ఉండవలసిందే.

మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా ఖాతాలో ఈ ముడులు చాలా ఉన్నాయి. 2012లో మహేష్ భూపతితో కలిసి ఫ్రెంచి ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినప్పుడు మొదటి సెట్ టై బ్రేకర్‌లో 7-3. 2014లో బ్రూనో సోరెస్‌తో అమెరికన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినప్పుడు మూడవ సెట్‌కు బదులు పది పాయింట్ల టై బ్రేకర్ ఆడారు, 11-9. రెండు తేడా నిబంధన తెలిసినవారు ఆ అంకె చూడగానే, ఒక దశలో 9-9 అయి ఉంటుందని టీవీ చూడకుండానే చెప్పేయగలరు. 2023 జనవరిలో రోహన్ బోపన్నతో ఆమె ఆడిన ఆఖరి గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో మొదటి సెట్ టై బ్రేకర్‌లో 7-2తో పోయింది. గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. ఆ మార్చి నెలలో ఆమె మన లాల్ బహదూర్ స్టేడియంలోనే ఆటకు వీడ్కోలు చెప్పింది.

ఇక నా మనవి.

1981లో మా ఆఫీసు వార్షిక పోటీల్లో టెన్నిస్ ఫైనల్. ఒక ఆటగాడు వేరే సెక్షన్‌వారు. రెండవవారు నాకు సీనియర్, ఇదే ఉప్పుగూడలో స్టేషన్‌కు ఇవతల వారి ఇల్లు. నేను “అన్నా” అనేవాణ్ణి, ఆయన “తమ్మీ” అనేవారు. ఆఫీసుకు వచ్చేముందు తెల్లవారుజామున కోర్టుకు పోయి ఒక్కడే గోడకు బంతి కొడుతుండేవారు. చెరొక సెట్ అయింది. మూడవ సెట్ 6-6. పొద్దు వాలుతోంది, కాబట్టి టై బ్రేకర్ అని ముందే అనుకున్నాం. నా చేతిలో సైక్లోస్టైల్ చేసిన నిబంధనల కాగితం ఉంది. ఏడు పాయింట్లు ముందు చేసినవారు గెలిచినట్టు అని పేజీ చివర ఉంది. అంతవరకే చదివాను.

మొదటి సర్వీసు ఎదుటి ఆటగాడిది. పాయింట్లు సాగి 6-6 అయ్యాయి. వైపులు మారారు. పదమూడవ పాయింటుకు సర్వీసు ఎదుటివారిది, గెలిచింది కూడా ఆయనే. 7-6. తరువాతి రెండు సర్వీసులు అన్నవి. ఆయన అప్పటికే రెండు బంతులు తీసుకుని గీత దగ్గరికి వెళ్ళారు. నేను స్టూలు మీద లేచి నిలబడి “ఏడు! గేమ్, సెట్, మ్యాచ్!” అని అరిచాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూశారు. బంతులు నెట్ దగ్గర పెట్టి, వెళ్ళి చేయి కలిపారు. చప్పట్లు కొట్టాం. గెలిచినవారికి స్టీలు గ్లాసుల సెట్ ఇచ్చారు.

ఆ రాత్రి ఇంట్లో ఆ కాగితం తిప్పాను. వెనక పేజీలో మొదటి పంక్తిలోనే ఉంది: రెండు పాయింట్ల ఆధిక్యం ఉండవలెను. జీవితమంతా ఫైళ్ళ మీద “వెనుక పేజీ చూడుడు” అని రాసినవాణ్ణి, నేను వెనుక పేజీ చూడలేదు. మరుసటి రోజు చెబుదామనుకున్నాను. గ్లాసులు ఇచ్చేశారు గదా, ఫలితం నోటీసు బోర్డు మీద పెట్టేశారు గదా అనుకున్నాను. ఆ తరువాత చెబుదామనుకున్నాను. ఇద్దరం రిటైరయ్యాం. ఈ సంఘంలోనే సభ్యులుగా చేరాం. చెప్పలేదు.

2015 జులై 11న వింబుల్డన్‌లో సానియా, మార్టినా హింగిస్ మహిళల డబుల్స్ ఫైనల్ ఆడారు. ఆ మ్యాచ్ చూడటానికి అన్న ఇంటికి పోయాను. మన దగ్గర అర్ధరాత్రి దాటింది. మొదటి సెట్ 5-7 పోయింది. రెండవది 6-6, టై బ్రేకర్. సానియా జంట 7-4తో గెలిచింది. మూడవ సెట్టులో 2-5 వెనకబడ్డారు. అక్కడి నుంచి 5-5 చేశారు. వెలుతురు చాలక ఆట ఆపి కోర్టు పైకప్పు మూస్తున్నారు. అప్పట్లో అక్కడ ఆఖరి సెట్టుకు టై బ్రేకర్ లేదు.

ఆ ఖాళీలో నా నోటి నుంచి మాట వచ్చింది. “అన్నా, ఎనబై ఒకటిలో నీ మ్యాచ్ నేను తప్పు చెప్పిన. ఏడు–ఆరుకు అయిపోలేదు. తర్వాత సర్వీసు నీది” అన్నాను.

ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. “ఏం కాదు తమ్మీ. ఆ దినం నా మోకాళ్ళు అప్పటికే జవాబిచ్చినయ్. ఇంకా ఆడమంటే యాడ ఆడుదును? నువ్వు అయిపోయిందంటే పానం హాయిగ అనిపించింది” అన్నారు.

వదినె చాయ్ తెచ్చి పెడుతూ, “అట్లనే అంటడు. ఆ దినం ఇంటికొచ్చి బువ్వ ముట్టలే” అంది.

ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆట మళ్ళీ మొదలైంది. సానియా జంట వరుసగా రెండు గేములు గెలిచి 7-5తో కప్పు తీసుకుంది. వింబుల్డన్‌లో మహిళల డబుల్స్ గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. అన్న పిల్లవాడిలా చప్పట్లు కొట్టి, “చూసినవా, రెండు తేడాతోనే అయింది” అన్నారు. నన్ను క్షమించారో, ఆట చూసి అన్నారో నేను అడగలేదు. రెండేళ్ళ తరువాత ఆయన కాలం చేశారు. వదినె ఇవాళ ఈ సభకు వచ్చి మూడవ వరుసలో కూర్చున్నారు. ఈ సంగతి చెప్పటానికి ఆమె అనుమతి తీసుకునే వచ్చాను.

టెన్నిస్ నిబంధనల్లో తప్పుల సవరణ గూర్చి ఒక సూత్రం ఉంది. తప్పు జరిగినట్టు తెలిసినప్పుడు, అప్పటిదాకా ఆడిన పాయింట్లు అలాగే నిలుస్తాయి. వెనక్కి పోయి మళ్ళీ ఆడించరు. తెలిసిన దగ్గర నుంచి సరిదిద్దుతారు. నాకు తెలిసింది ఆ రాత్రే. సరిదిద్దడానికి 34 ఏళ్ళు పట్టింది. ఆయన సర్వీసు ఆయనకు తిరిగి ఇవ్వలేకపోయాను. ఆ సర్వీసు ఆయనదే అని ఆయన చెవిన వేయగలిగాను, అంతే. అదీ ఆయన బతికుండగా.

మన వయసువారికి ఇటువంటి వెనుక పేజీలు ఒకటో రెండో ఉంటాయి. పాత సహోద్యోగికి చెప్పవలసిన మాట, అన్నదమ్ములతో తెగని లెక్క. నవంబరు నెలలో అందరం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చాం కాబట్టి ఇంకా ఆటలోనే ఉన్నట్టు లెక్క. ఎదుటివారు కూడా ఆటలో ఉండగానే ఆ పేజీ తిప్పండి.

వచ్చే నెల మన సంఘం క్యారమ్స్ పోటీలకు స్కోరు రాసే పని నాకే ఇస్తామని కార్యదర్శిగారు అన్నారు. ఇదంతా విన్న తరువాత కూడా ఇస్తే సంతోషం. నిబంధనల కాగితం మాత్రం రెండు వైపులా చదివి వస్తాను.